వాసన చూడటం

నవంబరు 3, సోమవారం

నాకు జలుబు చేసింది. ఈ సంగతి ముందుగా, స్పష్టంగా రాసి ఉంచుతున్నాను, ఎందుకంటే నిన్నటినుంచి దీన్ని ఎవరూ నమ్మడం లేదు.

నిన్న సాయంత్రం కింది అంతస్తు కళ్లజోళ్ల దుకాణం ఆయన వచ్చి నా తలుపు బాదాడు. తట్టడానికీ బాదడానికీ ఉన్న తేడా ఆయనకు తెలియకపోతే నేర్పవలసిన బాధ్యత నాది కనుక, చదువుతున్న పుటలో గుర్తు పెట్టుకుని, పుస్తకం మూసి, చెప్పులు తొడుక్కుని, తీరుబడిగా వెళ్లి గడియ తీశాను. ఆయన నా మొహమైనా చూడకుండా వంటింట్లోకి దూసుకుపోయాడు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. గ్యాసు మాత్రం వస్తూనే ఉంది. నేను ఇంతసేపూ ఆ వంటింటి గుమ్మం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"మెట్ల మీద దాకా కొడుతోందమ్మా వాసన. మీకు తెలీలేదా?" అన్నాడు.

జలుబు, అన్నాను. చెప్పులు తొడుక్కోవడంలో ఆలస్యమైందనీ చెప్పాను.

ఆయన పొయ్యి కట్టేసి, కిటికీలన్నీ తెరిచి, లైటు స్విచ్చి ముట్టుకోవద్దని నాకు చెప్పాడు. రసాయనశాస్త్రంలో పట్టా పుచ్చుకుని, ఉద్యోగమంతా నీటి సరఫరా కార్యాలయం పరీక్షశాలలో చేసిన నాకు చెప్పాడు. ఆ తరవాత కిందికి వెళ్లి మా చెల్లెలికి ఫోను చేశాడు. చెల్లెలు తన నంబరు ఆయన దగ్గర ఉంచిందన్న విషయం నాకు ఆ విధంగా తెలిసింది.

వెంటనే అది నాకు ఫోను చేసింది. ఏడవలేదు, అరవలేదు. అదే నాకు అనుమానం. వాళ్ల వెనక గదికి రంగు వేయించిందట, కిటికీ తూర్పుకే ఉందట, నా పుస్తకాలకు అలమర కూడా చూసి పెట్టిందట. పదహారో తారీకు ఆదివారం అల్లుణ్ణి వెంటబెట్టుకుని వస్తుందట, మాట్లాడటానికి. మాట్లాడటానికి అల్లుడెందుకు? సామాను మోయడానికి.

ఈ రెండు గదులూ నేను సంపాదించుకున్నవి. ఇక్కడ ఏ కుర్చీ ఎటు తిరిగి ఉండాలో చెప్పే మనిషి నేను తప్ప ఇంకొకరు లేరు. ఇది వదులుకోవడానికి జలుబు చాలా చిన్న కారణం.

నవంబరు 4, మంగళవారం

జలుబు తగ్గలేదు. తుమ్ములు లేవు, ముక్కు కారడం లేదు. పొడి జలుబు.

నవంబరు 6, గురువారం

ఏమీ తోచక మా బడి ప్రయోగశాలను గుర్తుకు తెచ్చుకున్నాను. తెచ్చుకున్నదేముంది, అదే వచ్చింది.

పొడుగాటి గది. నల్లటి బల్లలు, వాటి మీద ఆమ్లం ఒలికి తెల్లబడిన మచ్చలు. చివరి బల్ల దగ్గర కుళాయి ఎప్పుడూ కారుతూ ఉండేది. మా సైన్సు టీచరుగారిని మేము ఢాం టీచరుగారని పిలుచుకునేవాళ్లం, ఆవిడ చెవిన పడకుండా. ఆవిడకు కుడి కనుబొమ సగమే ఉండేది. మిగతా సగం ఏమైందని ఎవరైనా అడిగితే, భాస్వరానికి అప్పిచ్చాను, ఇంకా తిరిగివ్వలేదు, అనేవారు.

కళ్లకు అద్దాలు లేవు, చేతులకు తొడుగులు లేవు. పాదరసం అరచేతిలో పోసుకుని ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి దొర్లించుకునేవాళ్లం. ఒకసారి అది ఒక పిల్ల ఉంగరానికి అంటుకుని బంగారం కాస్తా వెండిలా తేలింది; వాళ్ల నాన్న బడి మీదికి యుద్ధానికి వచ్చాడు. ద్రావణాలను పిపెట్టు అనే గాజు గొట్టంతో నోటితో పీల్చి కొలవాలి. అలా పీలుస్తుండగా నవ్వొచ్చి నోటినిండా సోడా ద్రావణం తెచ్చుకున్న నా స్నేహితురాలికి ఆనాడే పిపెట్టు అని పేరు పడింది. ఆ పేరు ఇవాళ దాని మనవలకు కూడా తెలుసు.

నా పేరు ముక్కు. అదెలా వచ్చిందంటే, ఒకనాడు టీచరుగారు పేర్లు అంటించని సీసాలు వరసగా పెట్టి, "వాసన చూడండి" అన్నారు. నేను మొదటి సీసా మూత తీసి, ముక్కు దాని మూతికి ఆనించి, గుండెల నిండా పీల్చాను. అది అమ్మోనియా. కళ్లు పోయాయనుకున్నాను, ప్రాణం పోయిందనుకున్నాను. ఆవిడ నా తల పట్టుకుని కిటికీ బయటికి పెట్టి, తాపీగా అన్నారు.

"చూడమన్నాను. తాగమనలేదు."

ఆ తరవాత అందరికీ చేసి చూపించారు. సీసాను దూరంగా పట్టుకోవాలి. ఖాళీ చేత్తో దాని మీది గాలిని మెల్లగా మొహం వైపు విసురుకోవాలి, ఎవరినో దగ్గరికి రమ్మని పిలుస్తున్నట్టు. మన భాషలో వాసనను చూస్తామంటాం పిల్లలూ, చూడాలంటే కాస్త దూరంగా నిలబడాలి, అన్నారు. కళ్లు తుడుచుకుంటూనే నేను మిగతా సీసాలన్నీ ఆ పద్ధతిలో చూసి, ఒక్కటి కూడా తప్పకుండా చెప్పాను. ముక్కు మీద కోపమున్న పిల్లను కనుక ఆ పేరు నాకు రెండు విధాలా అతికింది.

ఆ చేతి విసురుతోనే ఉద్యోగం చేశాను. ఊరికి పోయే నీళ్లు ముందు నా ముక్కు దగ్గరికి వచ్చేవి. ఎండాకాలం నాచు వాసన, పాత గొట్టాల తుప్పు వాసన, క్లోరిన్ ఒక పిసరు ఎక్కువైన వాసన. యంత్రం చెడిపోయినా ఫరవాలేదు, ఆవిడకు జలుబు చేయకుండా చూసుకోండి అని మా పెద్ద ఇంజనీరు అందరిముందూ అనేవాడు.

నవంబరు 7, శుక్రవారం

హైడ్రోజన్ తయారుచేసిన రోజు.

కుప్పెలో జింకు ముక్కలు వేసి, పొడుగు గరాటు గుండా ఆమ్లం పోయాలి. ముందున్న గాలంతా బయటికి పోయేదాకా ఆగి, అప్పుడు పక్క గొట్టం చివర అగ్గిపుల్ల చూపాలి. ఆగడం అన్నది ఢాం టీచరుగారి జాతకంలో లేదు. మాకు ఆగమని చెబుతూ చెబుతూనే ఆవిడ పుల్ల గీశారు.

చప్పుడు కంటే ముందు మేము బల్లల కిందికి చేరిపోయాం, అంత అలవాటు. గరాటు పైకి లేచి కప్పుకు తగిలింది. గాజు ముక్కలు కుళాయి తొట్టిలో చాలాసేపు గలగలమన్నాయి. ఆ తరవాత పొగలోంచి ఆవిడ గొంతు, వణుకు లేకుండా, పాఠం చెప్పే గొంతు: "ఇప్పుడు చెప్పండి. నేనేం తప్పు చేశాను?"

నేను బల్ల కిందినుంచే చేయెత్తాను.

ఒక్క గాజు ముక్క ఒక్క కంటికి తగిలి ఉంటే ఏమయ్యేదని ఇవాళ తోస్తుంది. ఆనాడు మాత్రం మళ్లీ చేయమని గోల చేశాం. ఇంటికి వెళ్లి నాన్నకు చెబితే, ఆయన భోజనం ఆపి, తప్పు కనిపెట్టింది ఎవరని అడిగాడు. నేనే అన్నాను. అంతే, ఇంకేమీ అడగకుండా తినడం మొదలుపెట్టాడు. ఆ పూట ఆయన మొహం నాకింకా కళ్లకు కట్టినట్టుంది.

సోడియం కథ కూడా రాయాలి. కిరసనాయిల్లో ముంచి ఉంచిన ముక్క ఒకటి పిపెట్టూ నేనూ కాజేసి, టీచర్ల గదిలోని చేతులు కడుక్కునే తొట్టిలో పడేశాం. అది బుసకొడుతూ నీళ్ల మీద నాలుగు వైపులా పరుగెత్తి, చివర టపీమని పేలింది. తొట్టి పగిలింది. ఢాం టీచరుగారు మమ్మల్ని కొట్టలేదు, తిట్టలేదు. మరునాడు తరగతి అందరి ముందు, గోరంత ముక్కతో, మళ్లీ చేయించారు. ఎవరూ చూడకుండా చేసింది ప్రయోగం కాదు, అల్లరి, అన్నారు. ఒక్కదానివే చూస్తే నీకు కావలసిందే నీకు కనపడుతుంది, పక్కన ఇంకొకరుంటే ఉన్నది కనపడుతుంది, అని కూడా అన్నారు.

నవంబరు 8, శనివారం

ఒకేలాంటి చిన్న సీసాలు తీసుకున్నాను. ఒకదానిలో కాఫీపొడి, ఒకదానిలో లవంగాలు, సబ్బు తురుము, ఫినాయిలు, కిరసనాయిలు. కాగితం చుట్టి, కళ్లు మూసుకుని కలిపేసి, ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూశాను.

దాదాపు అన్నీ సరిగ్గా చెప్పాను.

లవంగాలు గలగలమన్న మాట నిజమే. ద్రవాలు ఊగుతాయి, అదీ నిజమే. కాఫీపొడి తేలిక. అయితే అవన్నీ పరిశీలనలో భాగమే కదా.

నవంబరు 9, ఆదివారం

మళ్లీ చేశాను. నిన్నటికంటే బాగా వచ్చింది.

పిపెట్టును ఒకసారి రమ్మని ఫోను చేశాను. ఊరికే, చూడాలనిపించి.

నవంబరు 11, మంగళవారం

పిపెట్టు వచ్చింది. కారు నడపడం నేర్పే బడి ఒకటి పెట్టి, సగం ఊరికి స్టీరింగు పట్టడం నేర్పిన మనిషి, ఇప్పుడు బస్సులో వచ్చింది. కళ్లు సరిగ్గా ఆనడం లేదని తనంతట తానే కారు అమ్మేసిందట. గుమ్మంలోనే, "ఏమే ముక్కూ, ఇంకా బతికే ఉన్నావా?" అంది. నిన్ను పంపించకుండా ఎలా పోతానే, అన్నాను.

కాఫీ తాగుతూ అన్నీ తవ్వుకున్నాం. ఉంగరం, గరాటు, తొట్టి. కడుపుబ్బ నవ్వాం. మాటల్లో కుళ్లిన గుడ్ల వాసన రోజు వచ్చింది. ఆ వాయువును తయారుచేసే పెద్ద గాజు పరికరం ఒకటి ఉండేది, మూడు బుడగలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. మేము దాన్ని లావమ్మ అనేవాళ్లం. ఒకనాడు లావమ్మ కుళాయి కట్టడం ఎవరో మరిచిపోయారు. కంపు బడంతా పాకింది. ప్రయోగశాలలో ఉన్నవాళ్లందరూ ముక్కులు మూసుకుని పరుగెత్తితే, నేనొక్కదాన్నే నిలబడి ఆ కుళాయి కట్టేశాను. ఈ కథ నేను ఉద్యోగంలో ఎందరికో చెప్పాను.

పిపెట్టు కప్పు కింద పెట్టింది.

"ఎవరే కట్టింది? నువ్వా?"

"నేనే."

"నువ్వు కిటికీ గట్టు మీద కూచుని కాళ్లూపుతున్నావే. పిరికి పీనుగల్లారా, వాసన ఎప్పుడో పోయింది, రండి లోపలికి అని మమ్మల్ని పిలుస్తున్నావు. టీచరు మొహానికి తడిగుడ్డ చుట్టుకుని వచ్చి నీ జడ పట్టుకుని ఈడ్చుకొచ్చింది. కుళాయి కట్టింది కూడా ఆవిడే."

కాదన్నాను. అది ఊరుకుంటుందా. ఆవిడ నీతో ఏమందో కూడా చెప్పనా, అంది. వద్దన్నాను. చెప్పింది.

ఆ తరవాత అలమర మీది సీసాలు దాని కంట పడ్డాయి. అవేమిటే అని అడిగింది. చెప్పాను. పరీక్ష నెగ్గానని కూడా చెప్పాను.

"పక్కన ఎవరున్నారు?" అంది.

లేచి వెళ్లి తువ్వాలు తెచ్చి నా కళ్లకు గంతలు కట్టింది. చేతులు ఒళ్లో పెట్టుకోమంది, సీసాలు ముట్టుకోవద్దంది.

ఇక్కడికి ఆపుతాను. చేయి నొప్పిగా ఉంది.

నవంబరు 12, బుధవారం

పొయ్యి వెలిగించలేదు. రొట్టె తిన్నాను.

నవంబరు 13, గురువారం

మొన్న రాయనిది రాస్తున్నాను.

బడి మెట్ల మీద నా జడ వదిలిపెట్టి ఢాం టీచరుగారు అన్న మాట ఇది: "వాసన పోలేదే పిల్లా. నీ ముక్కు పోయింది. ఇంకాసేపుంటే నువ్వు పోయేదానివి." ఆ వాయువుది అదే గుణం. ముందు కంపు కొడుతుంది, మోతాదు మించితే వాసన తెలిసే శక్తినే చంపేస్తుంది. లోపలున్న మనిషి గాలి బాగుపడిందనుకుని అక్కడే ఉండిపోతుంది. ఇది నాకు తెలుసు. పరీక్షల్లో రాశాను, మార్కులు తెచ్చుకున్నాను. ఆ గట్టు మీద కూర్చున్న పిల్లను మాత్రం నాకు తెలియకుండానే అక్కడినుంచి లేపి, కుళాయి దగ్గర నిలబెట్టుకున్నాను.

ఇక మొన్నటి సంగతి. గంతలు కట్టుకుని కూర్చున్నాను. పిపెట్టు ఏమీ మాట్లాడటం లేదు. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టారు. కాసేపు చూసి, "ఊఁ, పెట్టు" అన్నాను. పలకలేదు. ఇంకాసేపు చూశాను. "పెట్టవే, ఎంతసేపు కూచోమంటావు?" అన్నాను.

అప్పుడు చాలా మెల్లగా అంది. "అన్నీ అయిపోయాయే. ఒక్కొక్కటే పెట్టి తీశాను."

అది గంతలు విప్పబోతుంటే, కాసేపు ఉంచమన్నాను. ఉంచింది. పక్కన కూర్చుని చేయి పట్టుకుంది. మాట్లాడకుండా ఉండటం దానికి ఎంత కష్టమో నాకు తెలుసు.

నాకు జలుబు చేయలేదు. వేసవిలోనే కాఫీ వేడినీళ్లలా ఉందని కొట్టువాడితో దెబ్బలాడి, పొడిలో ఏదో కలుపుతున్నావని పదిమందిలో దులిపేశాను. వర్షం మొదలైన రోజు కిటికీ తెరిచి నిలబడి, ఈ ఏడు వానకు మట్టి వాసన లేదేమిటా అనుకున్నాను. వానదే తప్పనుకున్నాను.

నవంబరు 14, శుక్రవారం

ముక్కు, చెవి, గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లాను. కుర్రవాడు, మర్యాదస్తుడు. వయసు రీత్యా కొందరికి ఆ నరం మందగిస్తుందని, తిరిగి వస్తుందని మాట ఇవ్వలేనని, ఒంటరిగా ఉండేవారైతే గ్యాసు విషయంలో జాగ్రత్త అవసరమని చెప్పాడు. ఇంట్లో ఇంకెవరున్నారండీ, అన్నాడు. నేనున్నాను, అన్నాను.

వస్తూ వస్తూ కరెంటు పొయ్యి కొన్నాను. పొగ వస్తే కూతపెట్టే పరికరం ఒకటి కొన్నాను. గ్యాసు కంపెనీవాణ్ణి పిలిచి, పొయ్యీ సిలిండరూ రెండూ తీసుకుపొమ్మన్నాను. అతను గొట్టం ఊడదీసే ముందు ఒక్క నిమిషం ఆగమని, వెలిగించాను. ఏమీ పెట్టకుండా, ఊరికే.

నీలిమంట. అంచున కాస్త ఊదారంగు, మధ్యలో ఇంకా ముదురు నీలం. బడిలో మొట్టమొదటిసారి నాచేత బర్నరు వెలిగింపజేసిన రోజు, మూడు పుల్లలు ఆర్పుకున్నాను. నాలుగోది అంటుకుంది. గాలి వచ్చే చిల్లు తిప్పి పసుపుమంటను నీలం చేసుకో అన్నారు ఢాం టీచరుగారు. తిప్పాను. అప్పటినుంచి, ఏ ఇంట్లో ఉన్నా, పొద్దున్న లేవగానే నేను చేసిన మొదటి పని ఇదే.

అతను పాపం వాచీ చూసుకున్నాడు. కట్టేశాను.

నవంబరు 16, ఆదివారం

వచ్చారు. అల్లుడి జేబులో నిజంగానే కొలతల టేపు ఉంది. నేను చూడటం గమనించి, "అలమరలు చేయించే వృత్తి కదా పెద్దత్తయ్యగారూ, ఎప్పుడూ ఉంటుంది" అన్నాడు. పుట్టు అబద్ధాలకోరు కాడు, చెవులు ఎర్రబడ్డాయి.

చెల్లెలు నోరు తెరవకముందే నేను చెప్పేశాను. ముక్కు పనిచేయడం లేదన్నదీ, డాక్టరు ఏమన్నాడన్నదీ, గ్యాసు తీయించేశానన్నదీ. వంటింట్లోకి తీసుకెళ్లి కొత్త పొయ్యి చూపించాను. కూత పరికరాన్ని నొక్కి వినిపించాను. చెల్లెలు బస్సులో వస్తూ కూడగట్టుకున్న మాటలన్నీ ఒక్కసారిగా పనికిరాకుండా పోయాయి.

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"నాకే చెప్పుకోలేదు."

అది స్టూలు మీద కూర్చుంది. చిన్నప్పుడు నా పుస్తకాల సంచీ మోస్తానని వెంటపడేది. ఇప్పుడూ అలాగే, కింది పెదవి ముందుకు పెట్టి ఆలోచిస్తుంది. నేను గెలిచాననే అనుకున్నాను.

"కూత పెడుతుంది సరే. నువ్వు పడిపోయి ఉంటే? మొన్న నువ్వు తలుపు తీసేదాకా ఆయన ఎంతసేపు బాదాడో నాకు చెప్పాడు. చెప్పులు వెతుక్కున్నావట."

చెప్పులు వెతుక్కోలేదు, తొడుక్కున్నాను. ఆ తేడా చెప్పినా లాభం లేదని ఊరుకున్నాను.

"తాళంచెవి ఇంకొకటి ఎవరి దగ్గరైనా ఉంచు. ఉంచితే గది మాట నేనిక ఎత్తను. ఉంచనంటావా, ఇతను ఇప్పుడే కొలతలు మొదలుపెడతాడు."

అయితే నువ్వే పట్టుకుపో, అన్నాను.

"నేను రావాలంటే రెండు బస్సులు మారాలి. నాకెందుకు? కిందాయనకివ్వు. వాసన ముందు తెలిసేది ఆయనకే."

వాళ్లు వెళ్లేటప్పుడు అల్లుడు కింది మెట్టు దాకా వెళ్లి, మళ్లీ పైకి వచ్చి, మా మామగారికి కూడా చెవుడు దాచుకునే అలవాటుండేదండీ, అని చెప్పి వెళ్లాడు. ఎందుకు చెప్పాడో తెలియదు. మంచివాడే.

నవంబరు 17, సోమవారం

ఉద్యోగంలో చేరి సొంతంగా గది తీసుకున్న నాటినుంచి, నా తలుపు నా చేత్తో తప్ప తెరుచుకోలేదు. పని మనిషికి కూడా నేను లేచి తీస్తాను. అలా ఉండటానికి నేను ఎవరెవరితో ఎన్ని మాటలు పడ్డానో ఈ డైరీలకు తెలుసు.

పదకొండింటికి కిందికి దిగాను. కళ్లజోళ్లాయన ఎవరిదో చట్రంలో అద్దం బిగిస్తున్నాడు. ఎదురుగా ఇద్దరు కూర్చుని ఉన్నారు, వాళ్లు వెళ్లేదాకా ఆగుదామనుకున్నాను. ఆగితే మళ్లీ పైకి వెళ్లిపోతానని కూడా తెలుసు. వాళ్లముందే చెప్పాను. నాకు వాసన తెలియదు. ఆ రోజు మీరు రాకపోతే ఏమయ్యేదో నాకు తెలుసు. ఇది మా ఇంటి తాళంచెవి, మీ దగ్గర ఉంచండి.

ఆయన స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, తాళంచెవి వైపు, నా వైపు చూశాడు. మనిషికి చాదస్తం ఎక్కువ. చేతులు తుడుచుకున్నాడు.

"ఉంచుతానమ్మా. కానీ ముందే చెబుతున్నాను, నాకు ముక్కుంది గాని మోకాళ్లు లేవు. మీ అంతస్తు ఎక్కేసరికి నాకు ఒక పూట పడుతుంది. ఆ రోజంటే కంగారులో ఎక్కేశాను."

"మరైతే?"

"ఏదైనా వాసనొస్తే ముందు కింద నుంచి అరుస్తాను. మీరు పలికితే సరి. పలక్కపోతే ఎక్కుతాను."

"అరవండి," అన్నాను. "బాదినా ఫరవాలేదు."

కూర్చున్న ఇద్దరిలో ఒకావిడ నవ్వింది. ఆయన సొరుగు లాగి తాళంచెవి అందులో పడేశాడు. నేను మొదటి మలుపు దాకా మెట్లెక్కి ఆగాను. వెనక్కి వెళ్లి, తాళానికి పడుతుందో లేదో చూసి ఇస్తానని అడిగి తెచ్చేసుకోవచ్చు. ఆయన ఇచ్చేస్తాడు కూడా. మెట్ల కమ్మీ పట్టుకుని కాసేపు నిలబడ్డాను. కింద ఆయన ఆ ఇద్దరితో, పైన ఉండే మేడమ్ గారు, నీళ్ల ఆఫీసులో పెద్ద సైంటిస్టు, అని చెబుతున్నాడు.

సైంటిస్టును కాను, విశ్లేషకురాలిని. దిగి వెళ్లి సరిదిద్దలేదు. పైకి వచ్చి, తలుపుకు తాళం మాత్రం వేసుకున్నాను, లోపల గడియ పెట్టలేదు.